టెక్సాస్‌లో రోడ్ల పేర్ల ముందు ఎఫ్.ఎం. ఎందుకుంటుంది? అక్కడి హైవే శాఖ ఎలా మొదలైంది?

ఎఫ్.ఎం. అంటే ఫార్మ్ టు మార్కెట్, అంటే పొలం నుంచి సంతకు వేసిన రోడ్డు.

రోడ్లకు నిధులు కావాలంటే ప్రతి రాష్ట్రానికీ సొంత హైవే శాఖ ఉండాలని 1916లో అమెరికా కేంద్ర ప్రభుత్వం షరతు పెట్టింది. దాంతో 1917లో టెక్సాస్ హైవే డిపార్ట్‌మెంట్ పుట్టింది. బండ్ల రిజిస్ట్రేషన్ ఫీజే దాని తొలి రాబడి. మొదట్లో రోడ్లు వేసే పని కౌంటీల (అక్కడి జిల్లాల్లాంటివి) చేతుల్లోనే ఉండేది, 1920ల మధ్యకు గానీ రాష్ట్రం చేతికి రాలేదు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి కథ. వానొస్తే పత్తి బండి బురదలో దిగబడిపోయే పల్లెలకు తారురోడ్డు వేయాలనుకున్నారు. 1937లో రస్క్ కౌంటీలో ఆరు మైళ్లు కూడా లేని రోడ్డుతో మొదలైంది. 1949లో చట్టం చేసి, పల్లె రోడ్లకని ఏటా కోటిన్నర డాలర్లు కేటాయించారు. ఇప్పుడు ఆ శాఖ చూసే రోడ్లలో సగానికి పైగా ఇవే. నల్ల పలక మీద తెల్లటి టెక్సాస్ పటం, అందులో నంబరు కనిపిస్తే అది చాలావరకు ఎఫ్.ఎం. రోడ్డే. మనవాళ్లు చాలామంది ఉండే, డాలస్ దగ్గరి ఫ్రిస్కో పక్కనుంచి వెళ్లే ఎఫ్.ఎం. 423 కూడా అలాంటిదే. చుట్టూ ఇళ్లూ షాపులూ వచ్చేశాయి, పేరులో మాత్రం పొలం మిగిలింది.

1975లో ప్రజా రవాణా, 1991లో విమానయానం కూడా కలిశాక ఆ శాఖ ఇప్పటి టెక్స్‌డాట్ (టెక్సాస్ రవాణా శాఖ) అయింది.