ఎనిమిదో తరగతి పిల్లలతో కుటుంబ చరిత్ర ప్రాజెక్టు: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

"ఎనిమిదో తరగతి పిల్లలతో వాళ్ల కుటుంబ చరిత్ర కంప్యూటర్ మీద చేయించి, పేరెంట్స్ మీటింగులో చెప్పించాలి. ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది?" అని ఒక తోటి టీచర్ అడిగారు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇదే ప్రాజెక్టు మూడేళ్లు చేయించాను. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే మొదటి ఏడాది నేను దానితోనే మొదలుపెట్టి బోర్లా పడ్డాను.

మా ల్యాబ్‌లో పది కంప్యూటర్లు, పనిచేసేవి ఆరు. వంశవృక్షం బొమ్మ ఒకటి ముందే తయారుచేసి పెట్టి, పేర్లు నింపమన్నాను. రెండు వారాల పాటు పిల్లలు బాక్సులకు రంగులు మార్చారు, అక్షరాలను గిరగిరా తిప్పారు. ముత్తాత పేరు దగ్గరికి వచ్చేసరికి సగం మంది బాక్సులు ఖాళీ. కొందరు పక్కవాడి ముత్తాతనే కాపీ కొట్టేశారు!

రెండో ఏడాది నుంచి మొదటి పదిహేను రోజులు ల్యాబ్‌కి తాళం. నోటుబుక్కు, ఇంట్లో ఫోన్ ఉంటే అందులో రికార్డర్, అంతే. అమ్మానాన్నలు పని కోసం చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో అడిగి రాసుకునేవాళ్లు. మామ్మని "నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావు" అని మాత్రం అడగొద్దని ముందే చెప్పాను. అడిగితే ఆధార్ కార్డు తీసి చూపిస్తుంది. అందులో చాలామంది పెద్దవాళ్లకి జనవరి 1 అనే ఉంటుంది, ఎవరో అంచనాగా వేసిన తేదీ. దాని బదులు "నీ పెళ్లికి ఊళ్లో కరెంటు ఉందా?", "నాన్న పుట్టింది ఏ తుఫానుకి ముందు?" అని అడిగితే మాట కదులుతుంది. మా వైపు ఇప్పుడు ఏ కథకైనా తిత్లీ ఒక గుర్తు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన ఆ తుఫానుకి ఇంటి పైకప్పుతో పాటు పాత కాగితాలూ పోయినవాళ్లు మా పిల్లల్లో ఉన్నారు. అందుకే మిగిలిన కాగితాలన్నిటికీ ముందు ఫోటోలు తీయమంటాను. గోడకున్న ఫ్రేము ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురులో కాస్త పక్కగా నిలబడాలి. లేకపోతే తాతగారి ముఖం మీద ట్యూబులైటు వెలుగుతుంది.

కాగితాలు వచ్చాక అసలు సరదా మొదలు. ఒక కుర్రాడు పాత దస్తావేజు ఫోటో తెచ్చాడు. అందులో "గంజాం జిల్లా" అని ఉంది, ఇప్పుడది ఒడిశాలో ఉంది. "సార్, మేం ఒడిశా నుంచి వచ్చామట" అని క్లాసంతా చాటాడు. వాళ్లు ఎక్కడి నుంచీ రాలేదు, జిల్లాలే వాళ్ల మీదుగా నడిచి వెళ్లాయి. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపంతా 1936 వరకూ గంజాం జిల్లా. ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. ఊరు కదలకుండా మూడు జిల్లాలు.

ఇంకో అమ్మాయి శిస్తు రసీదు మీద 1359 చూసి, "మా తాత కొండవీటి రెడ్డి రాజుల కాలంవాడు" అని రాసుకొచ్చింది. అది ఫసలీ, అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం. 590 కలిపితే 1949 వస్తుంది, జూలైతో మొదలయ్యే ఏడాది. నవ్వడం అయ్యాక ఈ లెక్కనే కంప్యూటర్‌లో మొదటి పాఠం చేశాను. ఒక గడిలో ఫసలీ కొడితే పక్క గడిలో ఇంగ్లీషు సంవత్సరం రావాలి. తర్వాత తెలుగు సంవత్సరాల పేర్లు. 1927 ఉగాదికి అరవైలో మొదటిదైన ప్రభవ. కావలసిన సంవత్సరంలోంచి 1927 తీసేసి, 60తో భాగించి, శేషానికి ఒకటి కలిపితే వరుస సంఖ్య వస్తుంది. 1942కి 16, అంటే చిత్రభాను. 1977కి 51, పింగళ. ఉగాదికి ముందు నెలలైతే ఒకటి తగ్గించాలి. మోడ్ ఫార్ములా (భాగిస్తే మిగిలే శేషం ఇచ్చేది) ఎందుకో లెక్కల మాస్టారు చెబితే తలకెక్కనిది, మామ్మ పుట్టిన ఏడాది కోసమైతే ఒక్క పీరియడ్‌లో వచ్చేసింది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ అంటే నా జవాబు ఒక మామూలు స్ప్రెడ్‌షీట్. మేం లిబ్రేఆఫీస్ కాల్క్ వాడాం, ఉచితం. వరుసకు ఒక్క సంగతి: ఎవరు, ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ. వీటన్నిటికంటే ముఖ్యమైన గడి చివరిది, "ఎవరు చెప్పారు". మామ్మ ఒకటి, చిన్నతాత ఇంకొకటి చెబితే ఏదో ఒకటి కొట్టేయకూడదు, రెండు వరుసలూ ఉండాలి. నా మూడేళ్ల అనుభవంలో పిల్లలకి నిజంగా పరిశోధన అంటే ఏమిటో నేర్పింది ఈ ఒక్క గడి. మొదటి ఏడాది నేనిచ్చిన వంశవృక్షం బొమ్మలో దీనికి చోటే లేదు, బాక్సుకి ఒకటే పేరు.

నాన్నలు మన బళ్లోనే చదివి ఉంటే హెడ్మాస్టర్ గారిని అడిగి అడ్మిషన్ రిజిస్టరు చూపించండి. నాన్న పేరు పక్కన తాత పేరు చూసుకున్న పిల్లల ముఖాలు చూడాలి మీరు. భూమి ఉన్నవాళ్లకి ప్రభుత్వ మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1-బి అనే భూమి రికార్డులు దొరుకుతాయి. కానీ మా క్లాసులో సగానికి పైగా భూమి లేని ఇళ్లే. కాగితం ఉంటేనే చరిత్ర అన్నట్టు మార్కులు వేయకండి, మొదట్లో నేను వేశాను, తప్పు.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. "నాన్న వైపు మూడు తరాలు" అని అందరికీ ఒకే పని ఇచ్చాను. నాన్న వదిలేసి వెళ్లిపోయిన ఒక పాప వారం రోజులు బడికి రాలేదు. ఇప్పుడు ఎవరి గురించి చెప్పాలో పిల్లలే ఎంచుకుంటారు, పెంచిన పెద్దమ్మ అయినా సరే. కులం రాయాలని అడగను. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఉన్న ఫైలు ఏ వెబ్‌సైట్లోనూ పెట్టనివ్వను, పెన్‌డ్రైవ్ దాటకూడదు.

తెలుగు టైపింగ్ గురించి టెన్షన్ పడకండి. ఫోన్లో మాట్లాడితే టైప్ అయ్యేది, దాన్ని కంప్యూటర్‌కి పంపి సరిచేసుకునేవాళ్లు. మా మామ్మల యాసకి ఆ ఫోన్ రాసిన తెలుగు చూసి పొట్ట చెక్కలయ్యేది. డీటీపీ షాపులో అనూ ఫాంట్లలో మాత్రం కొట్టించొద్దు. ఆ ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే చెత్త గుర్తులు కనిపిస్తాయి.

ఇక పీపీటీ. ఆరు స్లయిడ్లు, స్లయిడ్ చూసి చదవకూడదు, బొమ్మ కింద అది ఎక్కడిదో రాయాలి. ఇంతే రూలు.

కిందటేడు ఒక కుర్రాడిది బర్మా కథ. వాళ్ల మామ్మ రికార్డింగులో "రంగంలో పుట్టినాను" అంది. వాడు యుద్ధరంగం అనుకున్నాడు. మా పెద్దవాళ్లకి రంగం అంటే రంగూన్, ఒకప్పుడు మా వైపు నుంచి కూలికి అక్కడికే వెళ్లేవారు. జపాన్ బాంబులు పడగానే ఓడ ఎక్కి వచ్చేశామని మామ్మ చెప్పింది. చిన్నతాతేమో "కాదు, అడవుల్లోంచి నడిచి వచ్చారు" అన్నాడు. షీటులో రెండు వరుసలు. రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి, 1942 మార్చిలో ఊరు జపాన్ చేతికి పోయింది, ఆ తర్వాత అక్కణ్ణుంచి రావాలంటే నడకే. అంటే ఓడ మాట నిజమైతే ఆ మూడు నెలల్లోపే వచ్చి ఉండాలి. వాడు అంతవరకూ తేల్చి, రెండు మాటలూ స్లయిడ్ మీద పెట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన ఓడ బొమ్మ ఒకటి పక్కన అతికించాడు.

మీటింగులో ముందు బెంచీ మీద కూర్చున్న మామ్మ ఆ బొమ్మ చూసి "ఇది మా ఓడ కాదురా" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మేం పిల్లలం, అమ్మ ఓడ మీదొచ్చినాం. డబ్బులు సాలక మా అయ్య ఉండిపోనాడు. ఆయనే నడిసొచ్చినాడు."

మర్నాడు ల్యాబ్ తెరవగానే వాడు షీటులో మూడో వరుస కలిపాడు. ఎవరు చెప్పారు అన్న గడిలో "మామ్మ, మీటింగులో" అని కొట్టాడు.