లలితా సహస్రం నోటికి రావాలంటే

ప్రశ్న: దసరాలో ఇంద్రకీలాద్రి అమ్మవారికి లలితాత్రిపురసుందరి అలంకారం చేసే రోజుకల్లా లలితా సహస్రనామం పుస్తకం చూడకుండా చదవాలని కోరిక. సెల్‌ఫోన్‌లో ఆడియో పెట్టుకుని వెంట చదువుతున్నాను. వేగం అందదు, ఊపిరి చాలక నామాలు విరుగుతున్నాయి. 'ని'తో మొదలయ్యే నామాల దగ్గర ప్రతిసారీ తప్పిపోతున్నాను.
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆడియో వెంట పరుగెత్తడం ఆపండి. ఒక పాదం వినండి, ఆపండి, రెండుసార్లు పలకండి. వెంట చదివితే మన తప్పు ఆ గొంతులో కలిసిపోతుంది, చెవికి దొరకదు.

ఛందస్సు అనుష్టుప్పు. పాదానికి 8 అక్షరాలు, వరుసకు రెండు పాదాలు. ఊపిరి వీలైనంతవరకు వరుస చివరే తీసుకోవాలి. మొదటి శ్లోకంలో 5 నామాలున్నాయి కనుక నామానికీ నామానికీ మధ్య ఆగినా నష్టం లేదు. మూడో శ్లోకంలోని 'నిజారుణప్రభాపూరమజ్జద్బ్రహ్మాండమండలా' మాత్రం వరుసంతా ఒకే నామం. 'పూర' దగ్గర గొంతు ఆనించవచ్చు, గాలి పీల్చకూడదు. ఇలాంటి నామాల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

ఇక 'ని' నామాలు. అక్కడ 6 వరుసలు ఏకబిగిన 'నాశినీ' అనే ముగుస్తాయి. అందుకే నాలుక ఒక వరుస నుంచి ఇంకోదానికి దూకుతుంది. చివరలు కాదు, వరుసల మొదళ్లు పట్టుకోండి: నీరాగా, నిశ్చింతా, నిర్మమా, నిష్క్రోధా, నిస్సంశయా, నిర్వికల్పా. ఈ ఆరూ విడిగా నోటికొస్తే మిగతాది తనే వస్తుంది. 'రాగమథనీ'ని చాలామంది 'మధనీ' అంటారు. తెలుగు నోటికి థ, ధ ఒకటైపోవడం పాత జబ్బే. 'నాశినీ' చివరి దీర్ఘం కూడా మింగేయకండి.

రోజుకు 3 శ్లోకాలు, ఆదివారం పాతపాఠం మాత్రమే. ఈ లెక్కన 183 శ్లోకాలకు పది వారాల పైచిలుకు పడుతుంది. న్యాసం (మంత్రం చెబుతూ ఒంటి భాగాలను తాకడం) గురువు చెబితేనే చేయండి. లేకుంటే 'సిందూరారుణవిగ్రహాం' ధ్యానశ్లోకం చదివి నామాల్లోకి వెళ్లడం మేలు.

ప్రశ్న: కుంకుమార్చనకు లలితా సహస్ర స్తోత్రం చదువుతూ ప్రతి నామం చివర 'నమః' చేర్చవచ్చా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కుదరదు. 'శ్రీమాతా నమః' వ్యాకరణానికి నిలవదు; 'శ్రీమాత్రే నమః', 'శ్రీమహారాజ్ఞ్యై నమః' అనాలి. అర్చనకు ప్రతి నామానికీ 'నమః' చేర్చిన నామావళి పుస్తకం వేరే ఉంటుంది, అదే చూసి చదవండి. స్తోత్రం పూర్తిగా రాకముందే నామావళి కంఠస్థం చేయబోతే రెండూ కలగాపులగం అవుతాయి. కుంకుమ వేళ్లకు అంటినంత చాలు, వెయ్యి నామాలకూ సరిపోవాలి కదా.