ప్రెస్‌నోట్ పంపినా వార్త రాలేదంటే (కూకట్‌పల్లి పచ్చళ్ల షాపు ప్రశ్నకు సమాధానం)
మేడమ్, 40 మంది రిపోర్టర్లకు వాట్సాప్ చేసినా ఒక్కరూ వేయలేదన్నారు కదా. మీ నోట్‌లో ఉన్నది "వార్షికోత్సవం, 20 శాతం తగ్గింపు". అది వార్త కాదండీ, ప్రకటన. డబ్బు కట్టమంటారు, అంతే.

అసలు వార్త మీ జాడీలోనే ఉంది. ఏప్రిల్, మే ఆవకాయ రోజులు. ఈసారి కాయ ధర ఎలా ఉంది, ముక్క మెత్తబడకుండా టెంకతో సహా ఎలా కొట్టాలి, తడి తగిలితే బూజు ఎందుకొస్తుంది: ఇవి రాయండి. 150 మాటలు దాటొద్దు. యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మామూలుగా టైప్ చేసే తెలుగులో, మెసేజ్‌లోనే పెట్టండి. ఫొటో తీసిన నోట్‌ను మళ్లీ టైప్ చేసే ఓపిక ఏ పత్రిక డెస్క్‌లోనూ ఉండదు. ముక్కలు కలుపుతున్న ఫొటో ఒకటి, లోగో లేకుండా, డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, ప్రింటుకు పనికిరాదు.

40 మంది దేనికి? మీ ఏరియా చూసే నలుగురు చాలు. పొద్దున 11 లోపు పంపి, మర్నాడు ఒక్కసారి అడగండి. సాయంత్రం పేజీలు కట్టే వేళ ఫోన్ చేస్తే విసుక్కుంటారు.

ఇక వ్యాపార పరిచయాలకు, మహిళా పారిశ్రామికవేత్తల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన వీ హబ్ ఉంది. జనవరిలో నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్)కు వెళ్లినా, కార్డులు పంచడం కన్నా నెయ్యి, అప్పడాలు అమ్మేవాళ్లతో కలిసి ఒక గిఫ్ట్ ప్యాక్ మాట్లాడుకోండి.