బాత్‌రూమ్ గడియ పెట్టకు

చిన్నీ,

వచ్చే వారం నీ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అనీ, సెలవు దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ కాగితాల దాకా అన్నీ నువ్వే చూసుకున్నావనీ మీ అమ్మ చెబుతుంటే ముచ్చటేసింది. "ఇంటికొచ్చాక ఎవరూ అక్కర్లేదంటోంది" అనగానే మాత్రం గుండె జారింది.

మందులు ఏ టైముకి ఏవో రాసి మంచం పక్కన అంటించుకో. ఫోను, నీళ్లు చేతికందేలా ఉంచుకో. ఇవి నీకు తెలిసినవే.

నా గర్భసంచి ఆపరేషన్ అయ్యాక, ఇంటికొచ్చిన మూడో రోజే మీ అక్కని పంపించేశాను. దాని ఉద్యోగం పాడవుతుందని బెంగ. "నాకేం, బాగానే ఉన్నా" అన్నాను. మీ పెదనాన్ననీ పక్క గదిలో పడుకోమన్నాను. రాత్రి రెండింటికి చటుక్కున లేచి బాత్‌రూమ్‌కి వెళ్లాను. అలవాటు కొద్దీ గడియ పెట్టాను. కళ్లు బైర్లు కమ్మి, గోడ పట్టుకుని జారి కూలబడ్డాను. గడియ నా తలకి రెండడుగుల పైన. చెయ్యెత్తితే కుట్ల దగ్గర చీరేసినట్టు నొప్పి. కేకేద్దామంటే పొట్ట బిగుసుకుని గొంతు పెగలదు. మగ్గుతో తలుపు కొట్టాను, కొడుతూనే ఉన్నాను. ఆయన వచ్చినా తలుపు లోపలికి తెరుచుకునేది, నేనేమో అడ్డంగా ఉన్నాను. చివరికి మోకాళ్ల మీద లేచి నేనే గడియ తీశాను. కుట్లు ఊడలేదు, అదే అదృష్టం. "ఒక్క పిలుపు పిలిస్తే రానా?" అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. అది ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకే చెబుతున్నా, గడియ పెట్టకు. తలుపు దగ్గరికి వేసుకో, చాలు. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకి తిరిగి, కాళ్లు కిందికి దించి, మోచేతి మీద బరువు వేసి లే. ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడు. దగ్గొస్తే పొట్టకి దిండు అదిమిపెట్టుకో. మత్తు ఇచ్చాక మొదటి 24 గంటలు పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండి తీరాలి. ఇందులో నీ మొండితనం పనికిరాదు.

"ఏమైనా కావాలంటే చెప్పు" అని అందరూ అంటారు. వద్దనకు. ఒకరికి బట్టలు ఉతికే పని చెప్పు, ఇంకొకరిని సాయంత్రం నీతో నాలుగడుగులు నడవమను. పని చెబితే వాళ్లూ సంతోషిస్తారే పిచ్చిదానా.

జ్వరం 100.4 దాటినా, కోత ఎర్రబడి చీము పట్టినా, కళ్లు పచ్చబడినా అప్పుడే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

నేను ముందు రోజే వస్తున్నా. నీ మంచం పక్కనే పడుకుంటా. రాత్రి నువ్వు లేస్తే బాత్‌రూమ్ తలుపు అవతల నిలబడతా. సిగ్గుపడకు తల్లీ, నెలల పిల్లప్పుడు నీకు నీళ్లు పోసింది నేనే.

నీ పెద్దమ్మ