సర్కారు బడిలోనే ఉంచాలా, మార్చాలా? చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

మీ వీధి పిల్లలు ఒక్కొక్కరే ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కుతున్నారనీ, మన పిల్లలిద్దర్నీ సర్కారు బడిలోనే ఉంచి వాళ్లకి అన్యాయం చేస్తున్నామేమోనని నిద్ర పట్టడం లేదనీ రాశావు. అంత టెన్షన్ వద్దు గానీ, కూర్చుని ఆలోచించాల్సిన విషయమే. నేను ప్రభుత్వ టీచరుగా రిటైరైనదాన్ని కాబట్టి ఆ బడుల తరఫునే మాట్లాడతానని అల్లుడు అనుకోవచ్చు. నేను పిల్లల తరఫున మాట్లాడతాను. ఫలానా బడి నుంచి పిల్లాణ్ణి తీసేయండని తల్లిదండ్రులకి నేనే చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

ముందు ఒక సంగతి. ఇద్దరికీ ఒకే నిర్ణయం తీసుకోనక్కర్లేదు. బాబు మూడో తరగతి, పాప ఆరో తరగతి. వాళ్ల బడులు వేరు, టీచర్లు వేరు, అవసరాలు వేరు. విడివిడిగా చూడండి.

బాబుతో మొదలుపెట్టు. వాడికి ఎంత వచ్చో నువ్వే స్వయంగా చూడు. వాడి పాత రెండో తరగతి తెలుగు వాచకం తీసి, వాడు బట్టీ పట్టని పాఠంలోంచి ఒక పేరా చదివించు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడా, వాక్యంగా చదువుతున్నాడా, చదివింది నీకు మళ్లీ చెప్పగలుగుతున్నాడా? తర్వాత కాగితం మీద 52 లోంచి 28 తీసెయ్యమను. 24 అని రాస్తే మంచిదే. 36 అని రాస్తే మాత్రం గమనించు. ఐదులోంచి రెండు తీసి మూడు వేశాడు, పై రెండులోంచి కింది ఎనిమిది పోదు కాబట్టి తిరగేసి ఎనిమిదిలోంచి రెండు తీసి ఆరు వేశాడు. అంటే పదుల్లోంచి అప్పు తెచ్చుకోవడం వాడికి ఇంకా అర్థం కాలేదన్నమాట. ఇదేమీ తెలివితక్కువతనం కాదు. పుల్లలు పదేసి కట్టలు కట్టించి, కట్ట విప్పి చూపిస్తే వారం రోజుల్లో దారిలో పడతాడు. కాకపోతే ఆ పని వాళ్ల టీచరు చేస్తున్నారా లేదా అన్నది నీకు తెలియాలి.

ఇదే పరీక్ష వ్యాన్ ఎక్కే పిల్లల్లో ఒకరిద్దరికి కూడా పెట్టి చూడు. ఇంగ్లిష్ పాఠం గడగడా చదివేస్తారు. "ఇందులో ఏముందో తెలుగులో చెప్పమ్మా" అని అడుగు. చాలామంది నోరు తెరవరు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేయించే అసర్ సర్వేలో ఇలాంటి చిన్న పరీక్షే పెడతారు. ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి పేరా చదవలేని పిల్లలు ప్రతిసారీ పెద్ద సంఖ్యలో కనపడుతున్నారు. వాళ్లలో ప్రైవేటు బడి పిల్లలు కూడా ఉన్నారు. ఫీజు కట్టినంత మాత్రాన చదువు వచ్చేయదు.

ఇక బడికి వెళ్లు. పంద్రాగస్టు రోజు కాదు, మామూలు రోజు, పదిన్నర పదకొండు మధ్య. హెడ్మాస్టర్ గారికి చెప్పి బాబు నోట్సులు చూడు. రైటు గుర్తులు అందరూ పెడతారు. తప్పు దగ్గర టీచరు ఏం రాశారు, పిల్లాడు దాన్ని మళ్లీ సరిగ్గా రాశాడా, తేదీల మధ్య నెలల ఖాళీ ఉందా, ఇవి చూడు. నోట్సు అబద్ధం చెప్పదు. ఎంతమంది పిల్లలకి ఎంతమంది టీచర్లున్నారో అడుగు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 60 దాటితే ముగ్గురు, 90 దాటితే నలుగురు ఉండాలి. అంటే చిన్న బడిలో ఇద్దరే ఐదు తరగతుల్నీ చూసుకుంటారు. అది కష్టమే, కానీ చెయ్యడం తెలిసిన టీచరు చేతిలో అది బాగానే నడుస్తుంది. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్లకి చెప్తూ తామూ నేర్చుకుంటారు.

ఇక్కడే ఒక బాధ ఉంది, చెప్పకుండా ఉండలేను. పిల్లలు తగ్గితే రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యను బట్టి టీచర్లని సర్దడం) పేరుతో టీచరు పోస్టు ఇంకో బడికి వెళ్లిపోతుంది. టీచరు వెళ్లిపోయారని ఇంకో నాలుగిళ్ల వాళ్లు పిల్లల్ని తీసేస్తారు. మంచి బడులు ఇలాగే మూతబడ్డాయి. అలాగని బడిని నిలబెట్టే భారం మీ బాబు నెత్తిన పెట్టమనను. వ్యాన్‌ని చూసి మాత్రం తియ్యొద్దంటున్నాను.

ఇంగ్లిష్ గురించి అల్లుడికి ఉన్న భయం నాకు తెలుసు. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. ఇంట్లో వాటిని వాడుకో. ముందు తెలుగు పేజీ చదివించి, సంగతి అర్థమయ్యాక అదే సంగతి ఇంగ్లిష్ పేజీలో వెతికించు. తెలుగు బాగా చదవగలిగిన పిల్లలు ఇంగ్లిష్‌ని త్వరగా అందుకోవడం నేను ఏటా చూశాను.

ప్రైవేటు బడిని కూడా ఇంతే నిక్కచ్చిగా చూడండి. మన బడి టీచర్లు ట్రైనింగ్ అయ్యి, డీఎస్సీ నియామక పరీక్ష దాటి వచ్చినవాళ్లు, ఈమధ్య చేరినవాళ్లయితే టెట్ అనే అర్హత పరీక్ష కూడా రాసినవాళ్లు. అక్కడి టీచరు ఏం చదివారు, ఎన్నాళ్లుగా ఉన్నారు, నిరుడు ఈ తరగతికి చెప్పినవాళ్లు ఇంకా ఉన్నారా అని అడగండి. వ్యాన్‌లో రోజూ ఎంతసేపు పోతుందో లెక్కేయండి. ఆడుకునే టైమంతా అందులోనే కరిగిపోతుంది.

పాప సంగతి వేరు. దసరా నుంచి లెక్కల టీచరు లేరన్నావు. ఇది చిన్న విషయం కాదు. ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు-సైన్సుకి, సోషల్‌కి, భాషలకి కనీసం ఒక్కో టీచరు ఉండాలని అదే చట్టం చెప్తోంది. ఆరో తరగతిలో భిన్నాలు ఇంకా లోతుగా వస్తాయి, రుణ సంఖ్యలూ, x, y లూ మొదలవుతాయి. అక్కడ జారితే పదో తరగతి దాకా లెక్కలంటే భయపడుతూనే ఉంటుంది. నలుగురైదుగురు తల్లులు కలిసి హెడ్మాస్టర్ గారిని అడగండి. వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద పక్క బడి నుంచి టీచర్ని ఇమ్మని మండల విద్యాధికారికి (ఎంఈవో), జిల్లా విద్యాధికారికి (డీఈవో) అర్జీ పెట్టండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాట మీద ఏ ఫైలూ కదలదు. జూన్‌లో బడి తెరిచాక నెల రోజులు చూడండి. అప్పటికీ ఎవరూ రాకపోతే మొహమాటపడకుండా మార్చేయండి. టీచరు చెయ్యి చేసుకుంటున్నా, ఆడపిల్లలు బాత్రూమ్‌కి వెళ్లలేక నీళ్లు తాగడం మానేస్తున్నా, పాప బడంటేనే భయపడుతున్నా అదీ ఆగాల్సిన విషయం కాదు.

మార్చే ముందు ఏం వదులుకుంటున్నారో కూడా తెలుసుకోండి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. పదో తరగతి తర్వాత ట్రిపుల్ ఐటీ సీట్లలో ప్రభుత్వ బడి పిల్లలకి వెయిటేజీ ఉంది. బాబుకైతే నాలుగులో ఉండగా గురుకులాల పరీక్ష, ఐదులో ఉండగా నవోదయ పరీక్ష రాసే వీలుంది. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. ఆ పల్లె సీటు కావాలంటే వాడు మూడు, నాలుగు, ఐదు పల్లె బడిలో చదివి ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి, టౌన్ బడికి మార్చేటప్పుడు అది గుర్తుపెట్టుకో.

ఉంచాలనుకుంటే మాత్రం బడి వైపు తొంగిచూడకుండా ఉండొద్దు. బడి యాజమాన్య కమిటీలో (ఎస్ఎంసీ) నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నువ్వూ ఉండు. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయిందో అడుగు. తీర్మానం పుస్తకం చదవకుండా సంతకం పెట్టకు. పిల్లల ముందు మాత్రం టీచర్ని ఒక్క మాట అనకు.

మార్చాలనే తేలితే, పైన చెప్పినట్టు ఆగలేని పరిస్థితి ఉంటే తప్ప ఏడాది మధ్యలో వద్దు. టీసీకి భయపడనక్కర్లేదు, అడిగిన వెంటనే ఇవ్వాల్సిన బాధ్యత హెడ్మాస్టర్‌ది. ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి టీసీ ఆలస్యమైందన్న సాకుతో ఏ సర్కారు బడీ, ఎయిడెడ్ బడీ చేర్చుకోననడానికి లేదు. మీరు పాపకి పక్క ఊరి హైస్కూలు చూసుకునేటట్లయితే ఈ సంగతి పనికొస్తుంది.

పెద్దమ్మ