ఖల్లివల్లి వాళ్లు వెళ్లిపోయారు కదా, మా అబ్బాయికి పని దొరుకుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలోని ఒక పల్లె. మా అబ్బాయికి 20 ఏళ్లు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తి చేశాడు. కాగితాలు లేని ఖల్లివల్లి వాళ్లందరినీ దుబాయ్ నుంచి పంపించేశారనీ, ఇప్పుడక్కడ పనివాళ్లకు కరువొచ్చిందనీ, విజిట్ వీసా మీద వెళితే నెల తిరక్కుండానే పని దొరుకుతుందనీ ఏజెంటు చెబుతున్నాడు. లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. పంపమంటారా?

జవాబు: విజిట్ వీసా మీద పంపవద్దు. ముందే ఈ మాట చెబుతున్నది, ఏజెంట్లు ఇలాంటి విషయాల్లో గడువు పెట్టి తొందర చేస్తారు కాబట్టి. అయితే ఆయన చెప్పినదంతా అబద్ధం కాదు. అందులో సగం నిజం ఉంది, ప్రమాదమంతా ఆ సగంలోనే ఉంది.

దుబాయ్ ఉన్న దేశమైన యుఎఇలో ప్రభుత్వం 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు క్షమాభిక్ష అమలు చేసింది. వీసా గడువు దాటి ఉండిపోయినవారికి, రోజుకు 50 దిర్హాముల చొప్పున పేరుకుపోయిన జరిమానాలు రద్దయ్యాయి. స్వదేశానికి వెళ్లదలచినవారు మళ్లీ రాకూడదన్న నిషేధం లేకుండా వెళ్లవచ్చు, ఏదైనా కంపెనీలో ఉద్యోగం సంపాదించుకున్నవారు కాగితాలు సరిచేసుకుని అక్కడే ఉండిపోవచ్చు అన్నారు. ఏజెంటు మీకు చెప్పనిది ఈ రెండో అవకాశం గురించే. ఖాళీ అయ్యాయంటున్న పనుల్లో కొన్నింటిలో అదే మనుషులు కొత్త వీసాలతో కొనసాగుతున్నారు. పైగా అదే ఏడాది ఆగస్టు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల వరకు జరిమానా పడుతుంది. విజిట్ వీసా మీద వచ్చిన కుర్రాళ్లతో నాలుగు రోజులు పని చేయించుకునే చిన్న కాంట్రాక్టర్లు ఇప్పుడు ఆ సాహసం చేయడానికి జంకుతారు. తెగించి చేసేవాడు మీ అబ్బాయిని దాచిపెట్టి చేయించుకుంటాడు, దాచిపెట్టిన మనిషికి జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు.

ఇలాంటి కట్టడి వల్ల నిజంగా ఏం జరుగుతుందో తెలియాలంటే 2013 నాటి సౌదీని గుర్తు చేసుకోవాలి. మీ ఊళ్లో ఆ ఏడాది తిరిగొచ్చినవారు తప్పక ఉంటారు. ప్రతి కంపెనీ తన పరిమాణాన్ని బట్టి ఇంతమంది సౌదీలను నియమించాలన్న నితాఖత్ విధానం 2011లోనే మొదలైంది. 2013లో, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర కాకుండా వేరొకచోట పని చేసేవారందరినీ పట్టుకోవడం ఆరంభించి, మధ్యలో కొంత గడువిచ్చి, నవంబరు మొదటి వారంలో ఆ గడువు ముగియగానే పెద్ద ఎత్తున తనిఖీలకు దిగారు. లక్ష మందికి పైగా భారతీయులు ఇంటిముఖం పట్టారు. చిన్న కాంట్రాక్టర్ల పనులు ఎక్కడికక్కడ ఆగిపోయాయి, చిల్లర దుకాణాలు మూతపడ్డాయి, మిగిలిన కూలీల రేట్లు పెరిగాయి. అంటే కరువు రావడమూ, కూలి పెరగడమూ నిజమే. కానీ ఆ పెరిగిన కూలి సరైన అకామా (అక్కడ ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) ఉండి, అకామాలో రాసిన పనే చేస్తున్నవారి చేతికి వచ్చింది. సౌదీలు చేయడానికి ముందుకు రాని తాపీ పని, వైరింగ్, పైపుల పనులకు కంపెనీలు మళ్లీ కొత్త వీసాలు తీసి మనుషులను తెప్పించుకున్నాయి. మొబైల్ దుకాణాల్లో పనిని మాత్రం 2016 నుంచి పూర్తిగా సౌదీలకే కేటాయించారు, కాబట్టి ఏ పనిలో ఖాళీ వచ్చిందన్నది కూడా ముఖ్యమే.

2014లో కోరుట్ల వైపు నుంచి ఒకాయన తన కొడుకు చదువు గురించి అడగడానికి నా దగ్గరకు వచ్చారు. మాటల మధ్యలో ఒక ప్లాస్టిక్ కవర్ విప్పారు. అందులో ఔట్‌పాస్ (దేశం విడిచి వెళ్లడానికి ఇచ్చే) కాగితం, అరచేతిలో పట్టేంత నోట్‌బుక్కు ఉన్నాయి. రియాద్‌లో ఆరేళ్లు టైల్స్ పని చేసిన ఆ మనిషి అకామాలో గొర్రెల కాపరి అని ఉండేదట. ఆజాద్ వీసా (పేరుకు ఒక యజమాని కింద ఉంటూ బయట పని చేసుకునే వీసా) ఇచ్చినందుకు కఫీల్‌కు నెలనెలా కట్టిన 300 రియాళ్లను తేదీలతో సహా ఆ నోట్‌బుక్కులో రాసుకున్నారు, చివరి పేజీల్లో ఊళ్లో ఉన్న అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్క ఉన్నాయి. గడువిచ్చిన నెలల్లో ఎంత తిరిగినా తనను చేర్చుకునే కంపెనీ దొరకలేదనీ, చివరి రోజుల్లో జ్వరమొచ్చినా ఆసుపత్రికి వెళ్లడానికి భయపడి గదిలోనే పడుకున్నాననీ చెప్పారు. పనిలో ఆయనకు సాటివచ్చేవారు తక్కువేనని ఆయన మాటల్లోనే తెలుస్తోంది. ఆయన నైపుణ్యానికి విలువ లేకుండా చేసింది ఆ ఒక్క కాగితమే.

నా అభిప్రాయం దాచుకోను. కాగితాలు లేని కూలీలను పంపించడం ఒక్కటే చేసి, వారిని ఆ స్థితికి తెచ్చిన కఫాలా పద్ధతిని (కార్మికుడి వీసా యజమాని చేతిలో ఉండే పద్ధతిని), వీసాలు అమ్ముకునే వ్యాపారాన్ని అలాగే ఉంచితే, కొన్నేళ్లకు అంతమందీ మళ్లీ తయారవుతారు. దీనికి మరోవైపు అనుభవం కూడా ఉంది. 2011లో యుఎఇ, ఒప్పందం పూర్తయిన కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండానే కంపెనీ మారవచ్చని నిబంధన మార్చినప్పుడు, అప్పటికే అక్కడ ఉన్నవారి సంపాదన పది శాతానికి పైగా పెరిగిందని ఆర్థికవేత్తల పరిశోధనలో తేలింది. అదే సమయంలో కొత్తవారిని రప్పించుకోవడం మాత్రం తగ్గింది. కాగితాలతో ముందే అక్కడున్నవాడికి కలిగే మేలు, బయటి నుంచి వచ్చేవాడికి అలాగే కలుగుతుందని అనుకోకూడదు.

మీ అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు కాబట్టి అతని పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికోసం విదేశం వెళ్లేముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అవసరం ఉండదు. చాలామంది తల్లిదండ్రులు దీన్ని సౌలభ్యంగా భావిస్తారు గానీ, అతని ఒప్పందాన్ని హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో ఎవరూ పరిశీలించరన్నది దాని రెండో అర్థం. ఆ పరిశీలన మీరే చేసుకోవాలి.

నేనైతే ముందు ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయమంటాను. సింగరేణి, ఆర్టీసీ వంటి సంస్థలు ఐటీఐ చేసినవారిని తీసుకుంటాయి, స్టైపెండూ వస్తుంది, ఏడాది చివర పరీక్ష రాస్తే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ పనులకు సౌదీ ఇప్పుడు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి, పాసైన తర్వాతే వీసా ఇస్తోంది. అప్రెంటిస్‌షిప్‌లో ప్యానెల్ బోర్డు విప్పి బిగించిన చేతికి ఆ పరీక్ష భయం ఉండదు. ఆ తర్వాత గల్ఫ్‌కే వెళ్లాలనుకుంటే, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించండి. ప్రైవేటు ఏజెంటు ద్వారా వెళ్లినా, లైసెన్సున్న ఏజెంటు చట్టప్రకారం తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. మీ ఏజెంటు అడిగినది దానికి మూడు రెట్ల పైమాటే. యుఎఇ చట్టం ప్రకారమైతే నియామకపు ఖర్చులను కార్మికుడి మీద వేయనే కూడదు.

ఇప్పటికి ఏజెంటును రెండే అడగండి: మొదటిది, మీ అబ్బాయి పేరు మీద, వృత్తి ఎలక్ట్రీషియన్ అనీ, మూల వేతనం ఇంత అనీ రాసి ఉన్న కంపెనీ ఆఫర్ లెటర్. రెండోది, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవడానికి అతని లైసెన్సు నంబరు. అవి చూపించేదాకా పాస్‌పోర్టు గానీ, ఒక్క రూపాయి గానీ ఇవ్వవద్దు. చూపిస్తే, ఆ రెండింటి నకళ్లతో నాకు మళ్లీ రాయండి, చదివి చెబుతాను.