మోడల్ ట్యాంకు మీద యుద్ధపు దెబ్బలు నిజంగా తగిలినట్టు కనిపించాలంటే ఎలా?

ప్రశ్న: 1/35 స్కేల్‌లో టీ-34/85 (రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ ట్యాంకు) కడుతున్నాను. 1945లో బెర్లిన్ వీధుల్లో దెబ్బతిని ఆగిపోయిన ట్యాంకులా చూపించాలని ఉంది. సోల్డరింగ్ ఐరన్‌తో రెండు మూడు రంధ్రాలు పెట్టాను కానీ కరిగిన ప్లాస్టిక్‌లాగే ఉన్నాయి. రంగు వేస్తే కప్పుకుపోతుందా? లేక మళ్లీ మొదలుపెట్టాలా?

జవాబు:

రంగు వేస్తే కప్పుకుపోదు, ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. కరిగిన అంచు నున్నగా, గుండ్రంగా ముడుచుకుంటుంది. వాష్ (సందుల్లోకి దిగే పలచటి ముదురు రంగు) వేయగానే ఆ గుండ్రదనం ఇంకా తేలి వస్తుంది. అయినా మొదటి నుంచి కట్టాల్సిన పని లేదు. కరిగిన భాగాన్ని చదరంగా కోసి తీసేయండి. అదే మందం ఉన్న ప్లాస్టిక్ షీట్ ముక్కను అందులో బిగించి అతికించి, సందులను పుట్టీతో పూడ్చి, ఆరాక సాండ్ పేపర్‌తో చదును చేయండి. ఒక సాయంత్రం పని.

అది ఆరేలోగా మూడు విషయాలు తేల్చుకోండి. ఆ ట్యాంకుకు తగిలింది ఏమిటి? ఎటువైపు నుంచి తగిలింది? తగిలి ఎన్నాళ్లయింది? వీటికి జవాబు దొరికేదాకా నేను కత్తి కూడా ముట్టుకోను. ఈ పనిలో చేతి నైపుణ్యం కంటే ఈ ఆలోచనే ముఖ్యమని నా గట్టి నమ్మకం. మోడల్ మీద ప్రతి గంటుకూ ఒక కారణం ఉండాలి. కారణం లేని గంటు ఎంత అందంగా చెక్కినా చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది. ఆ తేడా ఏమిటో వాళ్లు చెప్పలేకపోవచ్చు, కానీ పట్టేస్తారు.

ముందు కొలతలు చూద్దాం. 1/35 అంటే అసలు కొలతను 35తో భాగించడమే. 88 మి.మీ. గుండు చేసే రంధ్రం మోడల్‌పై సుమారు 2.5 మి.మీ. ఉంటుంది, 75 మి.మీ. గుండుదైతే 2.1 మి.మీ. 14.5 మి.మీ. ట్యాంకు వ్యతిరేక రైఫిల్ తూటా గుర్తు 0.4 మి.మీ. మాత్రమే. మామూలు రైఫిల్ తూటా కవచాన్ని తొలవదు, రంగు లేచిన చిన్న చుక్క మిగులుతుంది, అంతే. చాలా మోడళ్లలో మెషిన్‌గన్ తూటాలకు టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) జల్లెడ అయినట్టు బెజ్జాలు కనిపిస్తాయి. అవి తీసేస్తేనే మోడల్ బాగుపడుతుంది.

కవచం మందాన్ని కూడా ఇలాగే లెక్క కట్టాలి. టీ-34 హల్ (టరెట్ కింద ఉండే ప్రధాన భాగం) ముందు పలక 45 మి.మీ., అంటే మోడల్‌పై 1.3 మి.మీ. కిట్‌లోని ప్లాస్టిక్ కూడా దాదాపు అంతే ఉంటుంది కాబట్టి అక్కడ నేరుగా రంధ్రం చేసినా చెల్లుతుంది. జర్మన్ ట్యాంకు టైగర్ ముందు పలక 100 మి.మీ., అంటే 2.9 మి.మీ. ఉండాలి. అక్కడ రంధ్రం పెడితే లోపలివైపు ఇంకో ప్లాస్టిక్ పొర అతికించి మందం చూపించాలి. లేకపోతే అంత బరువైన ట్యాంకు డబ్బా రేకుతో చేసినట్టు తేలిపోతుంది. జర్మన్ ట్యాంకుల పక్కన వేలాడే రక్షణ రేకులది దీనికి ఉల్టా వ్యవహారం. వాటి మందం 5 మి.మీ. మాత్రమే, మోడల్‌పై 0.14 మి.మీ. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ రేకు దానికి చాలా రెట్లు మందంగా ఉంటుంది. దాన్ని వంచి చింపితే ఎవరూ నమ్మరు.

ఎన్ని దెబ్బలు ఉండాలని చాలామంది అడుగుతారు. నేనైతే తక్కువే పెడతాను. టైగర్ 131 అని ఒక ట్యాంకు ఉంది. 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలకు చిక్కింది, ఇప్పుడు ఇంగ్లండ్‌లో బోవింగ్టన్‌లోని ట్యాంక్ మ్యూజియంలో ఉంది. చర్చిల్ ట్యాంకు పేల్చిన 6 పౌండర్ గుండు, అంటే 57 మి.మీ. గుండు, టైగర్ ఫిరంగి గొట్టం కింద తగిలి, జారి, టరెట్ తిరిగే రింగ్ దగ్గర ఇరుక్కుంది. దాంతో టరెట్ బిగుసుకుపోయింది, సిబ్బంది వదిలేసి వెళ్లిపోయారు. కవచాన్ని చీల్చుకుని ఏదీ లోపలికి పోలేదు. అంత పేరున్న ట్యాంకు కథ వేలెడంత దెబ్బలతో ముగిసింది. ఆ గుర్తుల ఫొటోలు సులభంగా దొరుకుతాయి, గొట్టం కింద ఉన్న గంటును తప్పకుండా చూడండి. అదే కొలతలో మోడల్‌పై చెక్కితే, తెలిసినవాళ్లు మోడల్ ముందు వంగి మరీ చూస్తారు.

దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి కూడా ఉంది. యుద్ధంలో ట్యాంకు ఆగిపోయినంత మాత్రాన పని అయిపోయిందని ఎదుటివాళ్లు అనుకునేవారు కాదు. మంటలు లేచేదాకా కొడుతూనే ఉండేవాళ్లు. అందుకే కొన్ని ట్యాంకులపై ఒకేచోట, ఒకే దిక్కు నుంచి గుంపుగా రంధ్రాలు కనిపిస్తాయి. ఎక్కువ దెబ్బలు కావాలనుకుంటే ఇలా ఒకవైపే గుంపుగా పెట్టండి. అన్నివైపులా సమానంగా చల్లితే అది అలంకారంగా మిగిలిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. టీ-34/85లో ఐదుగురు ఉండేవారు. రంధ్రం పెట్టేచోట లోపల ఎవరు కూర్చునేవారో ఒక్క క్షణం ఆలోచించి పెడతాను. మీరూ అలా చేస్తే బాగుంటుందని నా కోరిక.

ఇక ఉక్కు స్వభావం. సోవియట్ కవచం చాలా గట్టిది, దాంతో పాటు పెళుసు కూడా. దెబ్బ తగిలిన చోట అంచులు పెచ్చులుగా ఊడతాయి, వెల్డింగ్ పొడవునా పగుళ్లు వస్తాయి. అమెరికా ట్యాంకు షెర్మన్ కవచం దానికంటే మెత్తన. అక్కడ అంచు బయటికి పెదవిలా లేస్తుంది. కాబట్టి షెర్మన్ ఫొటో చూసి టీ-34 మీద అదే రకం రంధ్రం చేయకండి.

చేసే విధానం ఇది. పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్) కావాల్సిన దానికన్నా కాస్త చిన్న రంధ్రం తొలవండి, 75 మి.మీ. గుండుకు 1.8 మి.మీ. బిట్ సరిపోతుంది. మొదట నిటారుగా చిన్న గుంట చేసి, తర్వాత బిట్‌ను గుండు వచ్చిన దిశకు వంచి తొలవాలి. వాలు పలకపై రంధ్రం కోలగా వస్తుంది, అసలు ట్యాంకులోనూ అంతే. ఆ తర్వాత కత్తి మొనతో లోపలి అంచును అక్కడక్కడా గీరి సైజుకు తీసుకురండి. టీ-34 అయితే బయటి అంచు నుంచి రెండు మూడు చిన్న పెచ్చులు లేపండి, ఒక పగులు గీత లాగండి. షెర్మన్ అయితే రంధ్రం చుట్టూ సన్నటి ప్లాస్టిక్ పోగును రింగులా అతికించి, లిక్విడ్ సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) పూసి, మెత్తబడ్డాక సూదితో కొంచెం కొంచెంగా బయటికి లాగాలి. అంచు ఒకచోట ఎత్తుగా, ఒకచోట తెగినట్టు ఉంటే మంచిది.

లోపలికి పోకుండా రాచుకుంటూ జారిపోయిన గుండు గుర్తు చేయడమంటే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ చోట లిక్విడ్ సిమెంట్ పూసి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పూయండి. పైపొర మెత్తబడిందని గోటితో మెల్లగా నొక్కితే తెలుస్తుంది. అప్పుడు డ్రిల్ బిట్ వెనక ఉండే నున్నటి గుండ్రటి చివరను ఆనించి, గుండు పోయిన దారిలో ఒకే ఊపున లాగాలి. తడి మట్టిలో వేలు పెట్టి లాగినట్టు ప్లాస్టిక్ రెండు పక్కలా లేచి, చివర కుప్పపడుతుంది. సరిగ్గా ఉక్కు చేసే పని అదే. ఇక్కడ ఆగాలి. మరునాటిదాకా ముట్టుకోవద్దు, పైకి గట్టిపడినట్టు అనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. పూర్తిగా ఆరాక కుప్పపడిన చోటును కత్తితో కాస్త పదును చేసి వదిలేయండి. సాండ్ పేపర్ వద్దు, ఆ గరుకే ప్రాణం. లిక్విడ్ సిమెంట్ ఆవిరి పీల్చడం మంచిది కాదు, కిటికీ తెరిచి చేయండి.

మీది బెర్లిన్ కాబట్టి పాంజర్‌ఫాస్ట్ (సైనికుడు చేత్తో పట్టుకుని పేల్చే జర్మన్ ట్యాంకు వ్యతిరేక ఆయుధం) సంగతి చెప్పాలి. దాని తల పెద్దదే కానీ కవచంలో పడే రంధ్రం చిన్నది. లోపలి పేలుడు దాని లోహపు పొరను సన్నటి ధారగా మార్చి దూసుకుపోయేలా చేస్తుంది. కాబట్టి 0.8 మి.మీ. బిట్‌తో ఒక్క రంధ్రం చాలు. దాని చుట్టూ రంగు ఊడిపోయిన మచ్చ, బయటికి చిమ్మిన సన్న గీతలు, మసి పూత ఉండాలి. దగ్గర్లో ఉన్న పలచటి వస్తువులు మాత్రం చెదిరిపోవాలి.

ఆ పలచటి వస్తువులే మోడల్‌కు జీవం పోస్తాయి. టీ-34 ఫెండర్లు (ట్రాక్‌ల మీది రేకులు), వెనక పక్కలకు తగిలించే ఇంధన డ్రమ్ములు, సైనికులు పట్టుకుని కూర్చునే కడ్డీలు ముందుగా పాడయ్యేవి. కిట్ ఫెండర్ ముందు భాగం కోసేసి సన్నటి ఇత్తడి రేకుతో మళ్లీ చేయండి. ఇత్తడిని మంట మీద ఎర్రగా కాల్చి చల్లారనిస్తే మెత్తబడుతుంది, తర్వాత చేత్తో వంచినా సొట్టలు సహజంగా వస్తాయి. చిరగాల్సిన చోట కత్తెర వాడకండి, రెండు పట్టకార్లతో పట్టి చింపండి. ఇత్తడి లేకపోతే ప్లాస్టిక్ ఫెండర్‌నే కింది నుంచి గీరుతూ దీపానికి ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు ఇటునుంచి అటు కనిపించేంత పలచబడితే చాలు. కడ్డీలను రాగి తీగతో చేసి, ఒక కొస మాత్రమే అతికించి, రెండోది వెల్డింగ్ తెగి వంగినట్టు వదలండి.

జర్మన్ ట్యాంకులు కట్టేవాళ్ల కోసం ఒక్క మాట. 1943 చివరి నుంచి 1944 సెప్టెంబర్ దాకా అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా కవచం మీద జిమ్మరిట్ పూత వేసేవారు. అది గోడ సున్నంలా పెచ్చులుగా ఊడుతుంది. నా పాంథర్‌కు ఎపాక్సీ పుట్టీతో ఆ పూత వేసి, పూర్తిగా గట్టిపడ్డాక కత్తి మొన కింద పెట్టి లేపాను. గట్టిపడ్డాక లేపితేనే అంచు నిటారుగా విరుగుతుంది. ఊడిన చోట ఎర్రటి ప్రైమర్ కనిపించాలి.

ట్యాంకు కాలిపోయిందా లేదా అన్నది రంగుకు ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే కాలిన ట్యాంకు ఆకారమే మారుతుంది. చక్రాల రబ్బరు కాలి లోహపు అంచు మిగులుతుంది, కింద బూడిద పేరుకుంటుంది. పాంథర్, టైగర్ లాంటి వాటిలో టార్షన్ బార్లు (చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) వేడికి బిగువు కోల్పోయి ట్యాంకు పొట్ట నేలకు దిగుతుంది. మసి పైకే పోతుంది, హ్యాచ్‌ల (ట్యాంకు తలుపుల) పైన, రంధ్రాల పైన. గాలి ఒకవైపు నుంచి వీస్తే అన్నిచోట్లా మసి అటే వాలాలి. మంట బాగా మండిన చోట మసి కూడా కాలిపోయి పాలిపోయిన తుప్పు రంగు బయటపడుతుంది. మొత్తం ట్యాంకును నల్లగా కొట్టేస్తే ఈ తేడాలన్నీ పోతాయి. నేనైతే మొదట తుప్పు రంగు వేసి, పైన హెయిర్ స్ప్రే కొట్టి, దాని మీద అక్రిలిక్ ఆకుపచ్చ వేసి, ఆరాక తడి బ్రష్‌తో రుద్ది రంగు లేపుతాను. మంట ఎక్కువగా ఉన్నచోట ఎక్కువ రుద్దాలి.

కాలని ట్యాంకుకు ఇంత పని ఉండదు. దెబ్బ లోపల ముదురు బూడిద రంగు వేసి, అంచుల మీద పెన్సిల్ గ్రాఫైట్ రుద్దితే కొత్త ఉక్కు మెరుపు వస్తుంది. ఒకటి రెండు రోజుల నాటి దెబ్బ అయితే దాని మీద పలచగా నారింజ తుప్పు వేయండి. నెలల నాటిదైతే ముదురు గోధుమ రంగు, కిందికి కారిన చారలు. ఒకే ట్యాంకుపై మెరిసే గంటు ఒకటి, ముదురు తుప్పు గంటు ఒకటి ఉంటే అది పాత యుద్ధాల్లోనూ తిరిగి వచ్చిందని అర్థమవుతుంది. టరెట్ అతికించే ముందు లోపలంతా నల్ల రంగు వేయడం మరవకండి, రంధ్రంలోంచి తెల్ల ప్లాస్టిక్ కనిపిస్తే ఇంత శ్రమా దండగ.

మీ టీ-34/85కి నేనైతే ఇలా చేస్తాను: హల్ ఎడమ పక్క, ఇంజిన్ గదికి కాస్త ముందు ఒకే ఒక్క పాంజర్‌ఫాస్ట్ రంధ్రం. దాని పైన చిరిగిన ఇంధన డ్రమ్ము, ఒక కొస ఊడిన కడ్డీ. టరెట్ ముందు ముదురు తుప్పు పట్టిన పాత గంటు ఒకటి. వెనక సగం కాలి, ముందు సగం ఆకుపచ్చగానే ఉండాలి, మసి అంతా కుడివైపు వాలాలి. ట్యాంకుకు కుడివైపు మాత్రం ఒక్క గీత కూడా పెట్టను.